బోటనీ సార్ ఎడమ చెవి

ప్రసన్నకుమార్ గారు విమానంలో ఎప్పుడూ మధ్య సీట్లోనే కూర్చునేవారు. ఇష్టమై కాదు. మా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు కొనేవి అన్నింటికంటే చవక టికెట్లు. కిటికీ పక్కన కావాలన్నా, నడవా పక్కన కావాలన్నా అదనంగా కట్టాలి. కట్టనివాళ్లకి మిగిలేది మధ్య సీటు. ఆరడుగుల మనిషి మోకాళ్లు ముందు సీటుకి ఆనించి, భుజాలు ముడుచుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు. బెంగళూరు దాకా, చెన్నై దాకా అలాగే.

నేను ఫిజిక్స్ చెబుతాను. పేరు భానుమూర్తి, మాది తెనాలి. ఆయనది బాపట్ల దగ్గర పల్లెటూరు, ఆయన సబ్జెక్టు బోటనీ. ఇద్దరం ఇంచుమించు ఒకే ఏడాది దిల్‌సుఖ్‌నగర్ వచ్చి పడ్డాం. అప్పట్లో మా కోచింగ్ అంతా ఒకే బిల్డింగు, మూడో అంతస్తు, రేకుల షెడ్డు. ఫ్యాన్ల చప్పుడు మీదుగా మూడొందల మందికి వినపడేట్టు అరవాలి. ఆయన అరిచేవారు కాదు. ఆకు అడ్డుకోత బొమ్మ బోర్డు మీద వేస్తూ మామూలుగానే మాట్లాడేవారు. వెనక బెంచీ పిల్లలు కూడా ఊపిరి బిగబట్టి వినేవారు. పిల్లలకి ఆయన బోటనీ సార్. బయట టీ బండి దగ్గర కూడా అదే పేరు.

తర్వాత మా యాజమాన్యం బెంగళూరులో, చెన్నైలో, భువనేశ్వర్‌లో బ్రాంచీలు తెరిచింది. ప్రతిచోటా మంచి లెక్చరర్లని పెట్టడం కష్టమని, ఉన్న పదిమందినే వారమంతా తిప్పడం మొదలుపెట్టారు. మంగళవారం బెంగళూరు, బుధవారం చెన్నై. ఈ రెండు రోజులూ నేనూ ఆయనా కలిసే వెళ్లేవాళ్లం. శుక్రవారం ఆయన ఒక్కరే భువనేశ్వర్, నేను మళ్లీ బెంగళూరు. పొద్దున మొదటి విమానం, సాయంత్రం చివరి విమానం. హోటల్ ఖర్చు ఉండకూడదు కాబట్టి ఏ ఊరైనా ఆ రోజుకారోజు తిరిగి రావాల్సిందే.

మొదట్లో ఆయనకి సరదాగానే ఉండేది. కొత్తపేటలో నా గది, రైతుబజారు వెనక సందులో ఆయన ఫ్లాటు. ఒకే క్యాబులో ఎల్బీనగర్ దాటి, సాగర్ రింగ్ రోడ్డు మీదుగా శంషాబాద్ వెళుతూ ఆయన చెట్ల పేర్లు చెప్పేవారు. విమానంలో ఇచ్చే వాంతి కవర్లు ఇంటికి తెచ్చి కూతురు అలేఖ్యకి ఇచ్చేవారు. ఆ పిల్ల వాటిల్లో రిబ్బన్లు దాచుకునేదిట. ఏడాది తిరిగేసరికి మాత్రం ఎక్కగానే కళ్లు మూసుకోవడం అలవాటైంది ఇద్దరికీ. మేఘాల మీద సూర్యోదయం ఎన్నిసార్లు అయిందో, చూసింది లేదు.

ఆయన సంగతి ఒకటి చెప్పాలి. కుడి చెవి చిన్నప్పుడే పోయింది. ఐదో తరగతిలో చీము పట్టిందనీ, ఊళ్లో ఎవరో పసరు పోశారనీ చెప్పేవారు. ఆ చెవిలో హోరు తప్ప మాట వినపడదు. అందుకే ఎవరితో నడిచినా వాళ్లని తన ఎడమవైపుకి తెచ్చుకునేవారు. ఒక్క చెవితో ఇరవై ఏళ్లు పాఠాలు చెప్పిన మనిషి. ఇన్‌స్టిట్యూట్‌లో ఈ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలీదు.

కరోనా వెళ్లిన రెండో ఏడాది, నవంబరులో ఆయనకి జలుబు చేసింది. మామూలు జలుబు కాదు. ముఖమంతా బిగుసుకుపోయి, ముక్కు రెండువైపులా మూసుకుపోయి, మంగళవారం బెంగళూరులో ఎలాగో పాఠం లాగించారు. పొద్దున విమానం దిగేటప్పుడే చెవి పోటెత్తిందన్నారు. ఆ సాయంత్రం ఎయిర్‌పోర్టులోంచి శేఖర్‌కి ఫోన్ చేశారు.

శేఖర్ మా టైంటేబుళ్లు, టికెట్లు చూసే మనిషి. నల్గొండ వైపు ఊరు, ఎల్బీనగర్‌లో ఉంటాడు. చెడ్డవాడు కాదు. పైన యాజమాన్యానికీ కింద మాకూ మధ్య నలిగేవాడు. ఆయన ఫోను స్పీకర్లో పెట్టారు గనక నేనూ విన్నాను.

"రేపటి చెన్నై నా వల్ల కాదు శేఖర్. చెవి నొప్పిగా ఉంది. ఎవరినైనా పంపించు."

"సార్, జర సమజ్ చేస్కోండ్రి. నలభై దినాల కిందనే తీస్కున్న టికెట్లు, మార్చనీకె రాదు. ఇప్పుడు ఇంకో బోటనీ సార్‌ని యాడికెంచి తేవాలె? చెన్నైల తల్లిదండ్రులు ఇప్పటికే లొల్లి చేస్తున్నరు. గీ ఒక్కపాలి పోయిరండ్రి సార్. శుక్రవారానికి నేనే ఎట్లన్న చూస్త."

ఆయన ఫోను పెట్టేసి నా వైపు చూశారు. ఏమంటారు అన్నట్టు.

"వచ్చేయండి సార్, ఒక్క పూటే కదా. ముక్కులో చుక్కలు వేసుకుంటే సరిపోతుంది," అన్నాను నేను.

పీడనం గురించి ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్నవాణ్ణి. విమానం దిగుతుంటే లోపలి గాలి ఎలా మారుతుందో, చెవిలోపలి గొట్టం మూసుకుపోతే కర్ణభేరి మీద ఎంత ఒత్తిడి పడుతుందో లెక్క కట్టి చెప్పగలను. అయినా అన్నాను. ఆయన రాకపోతే ఆయన క్లాసుల నాలుగు గంటలు కూడా నా చేత ఫిజిక్సే చెప్పిస్తారని నా భయం.

మర్నాడు చెన్నై విమానంలో ఇద్దరికీ సీట్లు వేరువేరు చోట్ల వచ్చాయి. నేను ఆయనకి రెండు వరసల వెనక. ఆయన పక్కన ఒకమ్మాయి చంటిపిల్లని ఒళ్లో వేసుకుని కూర్చుంది. విమానం కిందకి దిగడం మొదలవగానే పిల్ల ఏడుపు అందుకుంది. చెవులు నొప్పి పుడతాయి కదా పసివాళ్లకి. ఆ ఏడుపు విమానమంతా వినపడుతోంది. ముందు వరసలో ప్రసన్నకుమార్ గారు ఎడమ చెవి అరచేత్తో నొక్కుకుని తల వంచేయడం చూశాను. ఎయిర్‌హోస్టెస్ వచ్చి ఏదో అడిగింది, పేపర్ కప్పులో వేడినీళ్లు తెచ్చిచ్చి, మింగుతూ ఉండమని సైగ చేసింది. అప్పటికే దిగబోతున్నామని ఆమెని కూడా కూర్చోమన్నారు.

ఆ తర్వాత జరిగింది ఆయనే చాలా రోజులకి చెప్పారు.

"చెవిలో సూది పెట్టి మెలి తిప్పినట్టయింది సార్. తర్వాత ఏదో తెగినట్టు చిన్న చప్పుడు. నొప్పి ఒక్కసారిగా తగ్గిపోయింది. హమ్మయ్య అనుకున్నాను. పక్కన పాప కూడా ఏడుపు ఆపేసింది, పడుకుందేమో అనుకుని తల తిప్పి చూశాను. పాప నోరు అంత తెరిచి ఏడుస్తూనే ఉంది."

బస్సులో టెర్మినల్‌కి వెళుతుంటే కడ్డీ గట్టిగా పట్టుకుని నిలబడ్డారు. "ఏదన్నా మాట్లాడండి సార్," అన్నారు నాతో. మాట్లాడాను. "ఇంకొంచెం గట్టిగా." ఇంకొంచెం గట్టిగా మాట్లాడాను. మధ్యాహ్నానికి చెవి దానంతటదే తెరుచుకుంటుందిలెమ్మన్నాను. ఆయన నా పెదాల వైపు చూస్తూ తలూపారు.

ఆ రోజు నాలుగు గంటలూ పాఠం చెప్పారు. సాయంత్రం మళ్లీ విమానం ఎక్కి వచ్చాం. గురువారం దిల్‌సుఖ్‌నగర్‌లో క్లాసులు. శుక్రవారానికి ఎవరూ దొరకలేదని శేఖర్ మెసేజ్ పెడితే భువనేశ్వర్ కూడా వెళ్లొచ్చారు. చైతన్యపురిలో చెవి డాక్టరు దగ్గరికి సోమవారం వెళ్లారు. నేనూ వెంట వెళ్లాను. డాక్టరు పరీక్షలన్నీ చేసి, కాగితం మీద గీత గీసి చూపించాడు. ఆ గీత కాగితం అడుక్కి జారిపోయింది.

"లోపలి చెవి దెబ్బతింది. ఆ రోజో మర్నాడో వచ్చి ఉంటే ఎంతో కొంత నిలబెట్టేవాళ్లం. దీని మీద మళ్లీ మూడు విమానాలు ఎక్కడం ఏమిటండీ?" అన్నాడు డాక్టరు. ఆయనకి వినపడలేదు. నా వైపు తిరిగి ఏమన్నారని అడిగారు.

"మందులు వాడి చూద్దామన్నారు," అని చెప్పాను.

మందులు వాడారు. కొద్దిగా తిరిగొచ్చింది. డాక్టరు దగ్గర వినికిడి మిషన్ పెట్టి చూస్తే చప్పుళ్లు వినపడ్డాయి, మాటలు విడిపడలేదు, దాంతో కొనలేదు. పైగా తల తిరగడం మొదలైంది. మెట్లు దిగేటప్పుడు, ఉన్నట్టుండి వెనక్కి తిరిగేటప్పుడు ఒక పక్కకి ఒరిగేవారు.

ఇంట్లో మొదట కనిపెట్టింది అలేఖ్య. అప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం. వెనకనుంచి నాలుగుసార్లు నాన్నా అని పిలిస్తే పలకలేదుట. ఆ రోజునుంచి ఏం చెప్పాలన్నా ఎదురుగా వచ్చి నిలబడి చెప్పేది. అమ్మకి మాత్రం చెప్పలేదు. ఆయన భార్య సూర్యప్రభ గారు రెండు నెలలపాటు ఆయనకి తనమీద కోపం వచ్చిందనే అనుకున్నారు. "అడిగినదానికి బదులు చెప్పరు అన్నయ్య గారూ. నేనేం తప్పు చేశానో తెలీదు," అని ఒకసారి నాతోనే అన్నారు. నేనేదో సర్ది చెప్పాను. ఎవరికీ చెప్పొద్దని ఆయన నాచేత మాట తీసుకున్నారు మరి.

ఇన్‌స్టిట్యూట్‌లో దాచడానికి ఆయన పడ్డ పాట్లు తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. డౌట్లు కాగితం మీద రాసివ్వమనేవారు. మొదటి వరసలో కూర్చున్నవాళ్ల పెదాలు చూసి అర్థం చేసుకునేవారు. చెన్నైలో, బెంగళూరులో ఇంగ్లిష్ పెదాలు. మాస్కు పెట్టుకున్న పిల్లలుంటే వాళ్లవైపు చూసేవారే కాదు. ఎయిర్‌పోర్టుల్లో నేనే ఆయన చెవి. గేటు మారితే భుజం తట్టేవాణ్ణి. సెక్యూరిటీ మనిషి బ్యాగు తెరవమంటే సైగ చేసేవాణ్ణి. మంగళవారం, బుధవారం అలా గడిచిపోయేవి. శుక్రవారం ఆయన ఒక్కరే.

మార్చి నెల, పరీక్షల ముందు. శంషాబాద్‌లో భువనేశ్వర్ గేటు ఆఖరి నిమిషంలో మార్చారు. ఫోనుకి మెసేజ్ వచ్చే ఉంటుంది. ఫోను బ్యాగులో ఉంది, ఆయన టెస్టు పేపర్లు దిద్దుకుంటున్నారు. ఎయిర్‌లైన్స్ కుర్రాడొకడు ఆయన పేరు పట్టుకుని కేకలు వేస్తూ ఆయన కుర్చీ వెనకనుంచే వెళ్లాడుట. ఒకసారి కాదు, మూడుసార్లు. పేపర్లు దిద్దడం అయ్యాక తలెత్తి చూస్తే గేటు దగ్గర ఎవరూ లేరు. అక్కడ భువనేశ్వర్‌లో రెండొందల నలభై మంది ఆయన కోసం కూర్చున్నారు.

సోమవారం శేఖర్ నన్ను స్టాఫ్ రూమ్‌లోంచి బయటికి పిలిచాడు. వరండాలో ఎవరూ లేకుండా చూసి అడిగాడు.

"సార్, నిజం చెప్పుండ్రి. బోటనీ సార్ తాగుతుండా?"

"ఛ, అదేం మాట శేఖర్!"

"నేనంటలేను సార్. బెంగళూరు కెల్లి కంప్లైంట్ ఒచ్చింది. నడుస్తుంటే తూలుతుండట, అడిగింది ఒకటైతే చెప్పేది ఇంకోటట. మొన్న ఎయిర్‌పోర్టుల కూసోని ఫ్లైటు ఇడిచిపెట్టిండు. పెద్దసార్ మస్తు గరమున్నడు. తాగొచ్చి క్లాసు చెప్తుండని తీసేస్తే ఇగ దిల్‌సుఖ్‌నగర్ల ఎవ్వడన్న పెట్టుకుంటడా?"

జన్మలో కల్లు కూడా ముట్టని మనిషి. నాకు ఆగలేదు.

"తాగడం కాదయ్యా, ఆయనకి వినపడట్లేదు," అనేశాను. మొత్తం చెప్పేశాను. నవంబరు నుంచి జరిగిందంతా. నేను రమ్మన్న సంగతి ఒక్కటి తప్ప.

ఆ రోజు ఫోనులో తనేమన్నాడో శేఖర్‌కి గుర్తొచ్చి ఉంటుంది. "అయ్యో సార్," అని మాత్రం అన్నాడు. సాయంత్రానికల్లా పైదాకా వెళ్లిపోయింది.

నేనే చెప్పానని ఆయనకి నేనే చెప్పుకున్నాను. ఫోనులో టైపు చేసి చూపించాను. చదివారు. మళ్లీ చదివారు. కోప్పడతారనుకున్నాను.

"తాగుబోతునని అనుకున్నా బాగుండేది సార్," అన్నారు. "మానేశానని చెప్పుకునేవాణ్ణి."

తీసేస్తారని భయపడ్డాం. తియ్యలేదు. మా యజమాని పెద్దసార్ ఆయన్ని గదిలోకి పిలిచి, కాఫీ ఇచ్చి, విమానాల బాధ ఇక వద్దన్నారు. దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఉండి సిలబస్ మొత్తం వీడియోలు చేసిపెట్టమన్నారు. కింది అంతస్తులో ఒక గదికి గోడలనిండా స్పాంజి అంటించి, లైట్లు పెట్టారు. ఏప్రిల్, మే రెండు నెలలూ ఆయన ఆ గదిలో కెమెరాకి పాఠం చెప్పారు. ఎదురుగా ఎవరూ ఉండరు కాబట్టి ఎవరి పెదాలూ చూడక్కర్లేదు. అడిగేవాళ్లు లేరు. నేను ఒకరోజు తలుపు సందులోంచి చూశాను. షర్టు తడిసిపోయింది, లోపల ఏసీ చప్పుడు రాకూడదని ఆపేశారు. ఆయన మాత్రం రేకుల షెడ్డు రోజుల్లోలాగా హాయిగా, మెల్లగా చెప్పుకుపోతున్నారు. అలేఖ్య పరీక్షలు అయిపోగానే రోజూ వచ్చి ఆ గదిలో మూల కూర్చునేది, గొంతు మరీ పెరిగితే చెయ్యి కిందికి ఊపడానికి. ఆయన గొంతు ఆయనకే తెలియకుండా పోయింది అప్పటికే.

జూన్‌లో కొత్త టైంటేబులు వచ్చింది. అందులో ఆయన పేరు లేదు. వీడియోల మీద హక్కులన్నీ ఇన్‌స్టిట్యూట్‌వేనని ముందే సంతకం పెట్టించుకున్నారు. శేఖర్ స్వయంగా ఇంటికి వెళ్లి చెప్పాడు. తలుపు దగ్గరే నిలబడి, ఫోనులో రాసింది చూపించి, లోపలికి రాకుండానే వెళ్లిపోయాడని సూర్యప్రభ గారు చెప్పారు.

ఆ ఏడాది జూలైలో చెన్నై బ్రాంచిలో నా క్లాసు ముగించుకుని వస్తుంటే పక్క గదిలోంచి ఆయన గొంతు వినపడింది. కాళ్లు ఆగిపోయాయి. లోపల తెర మీద బోటనీ సార్. గదిలో డెబ్బై మంది దాకా ఉన్నారు, సగం మంది బెంచీల మీద తలలు వాల్చేశారు. ఆయన గొంతు వింతగా, సన్నగా, ఏదో తరుముతున్నట్టు ఉంది. చేతులు గబగబా కదులుతున్నాయి. గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్న అటెండరుని అడిగితే, సిలబస్ తొందరగా అవడానికి స్పీడు పెంచి పెడుతున్నామన్నాడు. అలాగే పెట్టమని ఆఫీసువాళ్లే చెప్పారట. ఇరవై ఏళ్లలో ఒక్కనాడు కూడా తొందరపడి మాట్లాడని మనిషి ఆ తెర మీద పరిగెత్తుతున్నాడు. నేను అక్కడ నిలబడలేక బయటికి వచ్చేశాను. క్యాబు వచ్చింది, ఎయిర్‌పోర్టుకి వెళ్లాను. ఇంకేం చేస్తాను?

రైతుబజారు వెనక ఫ్లాటు కిరాయికి ఇచ్చేసి వాళ్లు మీర్‌పేట్ అవతల చిన్న పోర్షన్‌లోకి మారారు. నేను వెళ్లడానికి ఏడాది పట్టింది. తీరిక లేక కాదు. సూర్యప్రభ గారు తలుపు తీసి, "రండి అన్నయ్య గారూ," అన్నారు మామూలుగానే. మనిషి చిక్కిపోయారు. పొద్దునపూట పక్క వీధి స్కూల్లో చిన్న పిల్లలకి చెబుతున్నారట. అలేఖ్య బైపీసీ వదిలేసి డిగ్రీలో కామర్స్ చేరింది. ఎందుకని నేను అడగలేదు. ఆ అమ్మాయే చెప్పింది, వంటింటి గుమ్మంలో నిలబడి. "మా ఇంటర్ కాలేజీలో కూడా ఆ వీడియోలే పెట్టేవారంకుల్. నేను చూడలేకపోయాను."

ప్రసన్నకుమార్ గారు కిటికీ దగ్గర బల్ల ముందు కూర్చుని ఉన్నారు. కోఠిలో గైడ్లు వేసే పబ్లిషరు దగ్గర బొమ్మలు గీసే పని దొరికిందట. పువ్వు నిలువుకోత, వేరు అడ్డుకోత, గింజలు. నన్ను చూసి లేచి నిలబడబోయి తూలి, బల్ల అంచు పట్టుకున్నారు. మాట వినలేనంత గట్టిగా ఉంది, పదాల చివర్లు ఊడిపోతున్నాయి. పక్క పోర్షన్‌వాళ్లు గోడ మీద కొట్టారు. సూర్యప్రభ గారు చెయ్యి కిందికి ఊపారు. ఆయన గొంతు తగ్గించారు. ఈసారి ఏమీ వినపడలేదు నాకు.

బల్ల మీద పిల్లలు రాసుకునే చిన్న తెల్లబోర్డు ఉంది. నాకు అందించి అడిగారు. "వీడియోలు పెడుతున్నారా?"

పెడుతున్నారని రాశాను.

"బాగున్నాయా?"

చాలా బాగున్నాయని రాశాను. స్పీడు సంగతి రాయలేదు.

నేను చెప్పదలుచుకుని వెళ్లింది వేరే ఉంది. ఆ రోజు బెంగళూరు ఎయిర్‌పోర్టులో ఒక్క పూటే కదా అన్నది నేను. డాక్టరు తిట్టింది దాచింది నేను. తెల్లబోర్డు తుడిచి మార్కరు పట్టుకున్నాను. "ఆ రోజు నేను రమ్మనకుండా ఉండాల్సింది సార్," అని రాసి ఆయన ముందు పెట్టాను.

చదివారు. తల అడ్డంగా ఊపారు. "మీరు రమ్మన్నారా? నాకు గుర్తు లేదు," అన్నారు. నిజంగా గుర్తు లేదో, నా కోసం అన్నారో తెలీదు. ఆ ముఖంలో ఇదివరకులా ఏదీ చదవలేకపోయాను. ఎదుటివాళ్ల పెదాల మీదే చూపు నిలిపి నిలిపి, కళ్లలో చూడటం మానేశారు ఆయన.

కాఫీ తాగి లేచాను. సూర్యప్రభ గారు గేటు దాకా వచ్చారు. బడంగ్‌పేట్ వైపు ఆటోలు హారన్లు కొట్టుకుంటూ వెళుతున్నాయి.

"రోడ్డు మీదికి ఒంటరిగా పంపను అన్నయ్య గారూ. కోఠికి బస్సు ఎక్కించి వస్తాను, మళ్లీ నేనే వెళ్లి తీసుకొస్తాను," అన్నారు. "మాట్లాడటం కూడా తగ్గించేశారు. పొద్దుట్నుంచీ ఇవాళ మీతోనే ఎక్కువ మాట్లాడారు."

నేను ఇప్పటికీ మంగళవారం బెంగళూరు, బుధవారం చెన్నై వెళుతున్నాను. యాభై రెండు దాటాయి, ఇంకో పని రాదు. నా పాఠాలు కూడా వచ్చే వేసవిలో రికార్డు చేస్తామని శేఖర్ అన్నాడు. సరేనన్నాను. ఆయనకి ఫోన్ చేసి లాభం లేదు గనక ఆదివారాలు మెసేజ్ పెడతాను, ఎలా ఉన్నారు సార్ అని. జవాబు వస్తుంది. ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది. ఎప్పుడూ ఒకటే మాట, బాగున్నాను అని.